నాలుగు వందల మొనలు

నేను కొండ ఎక్కలేదు.
అందరూ అదే అడుగుతారు, ముందే చెప్పేస్తున్నాను.
ఉక్కు తాడుకు కుర్చీ కట్టుకుని
నుదుటి మీంచి ముక్కు మీదకి జారినవాళ్లు వేరు.
నాది కింద, రేకుల షెడ్డులో కొలిమి.
రోజుకి నాలుగు వందల డ్రిల్లు మొనలు
మొద్దుబారి దిగేవి,
తెల్లారేసరికి పదునెక్కి పైకి పోయేవి.

ఆ మొహాలను నేను మొనల్లోనే చూశాను.
మొదటాయన నుదురు మహా మొండిది,
మూడంగుళాలకే ఉక్కు మూతి ముడుచుకునేది.
చెంప కాస్త దయ చూపింది.
గడ్డం దగ్గర అభ్రకం,
మొనకి మెరుపు అంటుకుని వచ్చేది.
ఇవాళ ఎక్కడున్నార్రా అని వర్జిల్‌ని అడగక్కర్లేదు,
వేలితో తడిమి చెప్పేవాణ్ణి.

వర్జిల్ అంటే కేకల కుర్రాడు.
కొండ అంచున కూర్చుని
కింద వేలాడేవాడి మాట విని
వెనక గిలక తిప్పేవాడికి అందించేవాడు.
దించు. ఆపు. ఒక్క జానెడు ఎత్తు.
పదహారేళ్లవాడు, పగలంతా
మనుషుల ప్రాణాలు గొంతులో పెట్టుకుని కూర్చునేవాడు.
రాత్రి నిద్దట్లో కూడా ఆపు ఆపు అంటాడని
వాళ్లమ్మ కిరాణా కొట్లో మా ఒటీలియాతో చెప్పింది.

డకోటాలో గని మూతబడిన ఊరు మాది.
దేశభక్తి ఎంత అని అడిగితే
గంటకింత అని లెక్క చెప్పగలం.
కొండను తవ్వితే ఎలుకేనా దొరికేది?
మాకు ముక్కు దొరికింది, ఇంటి ఎత్తు ముక్కు.
వానొచ్చిన రోజు దాని కింద నిలబడి
హెర్మన్ పొడి పొడిగా రొట్టె తిన్నాడు.

రెండో మొహం సంగతి ఎవరూ ఎత్తరు.
ఏడాదిన్నర చెక్కాక రాతిలో బీట కనబడింది,
కంటి కొస నుంచి పెదవి దాకా.
మేస్త్రీ దూరం నుంచి చూశాడు, దగ్గర నుంచి చూశాడు,
టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.
మర్నాడు డైనమైట్.
నేను పదును పెట్టిన మొనలతోనే
ఆ రెప్పల్లో బొక్కలు వేసి మందు కూరారు.
దేశాన్ని ఏలినాయన కూలడానికి పట్టింది
దాగలి మీద మూడు దెబ్బలంత సేపు.
దుమ్ము అణిగాక
ఇంకో పక్క మళ్లీ మొదలెట్టారు,
ఆయన్నే, అదే మొహాన్ని.
జెండా దించలేదు, ఎవరూ ఏడవలేదు.
నాకు ఆ వారం నూట ఇరవై మొనలు అదనం.

రాళ్ల కుప్పలోంచి ఒక ముక్క ఇంటికి తెచ్చాను.
ఒక వైపు నున్నగా ఉంది, రెప్పో పెదవో.
ఒటీలియా దాన్ని కడిగి
ఊరేసిన క్యాబేజీ జాడీలో బరువు పెట్టింది.
"బాగా అణుగుతోంది" అంది.

ఒక అక్టోబరులో
విరిగిన బండి ఇరుసు భుజాన వేసుకుని వచ్చాడు
లకోటా ముసలాయన, పేరు సైలస్.
ఇరుసు ఎర్రబడేదాకా గుమ్మంలో నిలబడి
కొండ వంక చూస్తూ ఉన్నాడు.
"ఎంతమందిని చెక్కుతున్నారు?"
"నలుగురిని."
"అక్కడ ఆరుగురు తాతలుండేవారు.
మా నాన్న ఒక్కొక్కరినీ చూపించేవాడు."
గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువయ్యేది.
ఇరుసు అతికించి డబ్బు వద్దన్నాను.
ఆయన నాణాలు లెక్కపెట్టి
దాగలి మీద పెట్టి వెళ్లాడు.
ఇనుము ఇంకా వేడిగానే ఉంది.

ఇప్పుడు బస్సుల్లో జనం వస్తారు,
మెడలు నొప్పెట్టేదాకా తలెత్తి చూస్తారు.
హెర్మన్ పోయాడు, దగ్గి దగ్గి.
అతని ఊపిరితిత్తుల్లో
ఏ నాయకుడి వాటా ఎంతో
డాక్టరు చెప్పలేకపోయాడు.

చలి పడ్డ సాయంత్రాల్లో నేనూ వాకిట్లోకి వస్తాను.
లెక్కలకి అలవాటుపడ్డ మనిషిని.
పైన నలుగురు.
వంటింట్లో జాడీలో ఒకరు.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా
ఒకటి తగ్గుతోంది.